చెక్కబండికి పోసిన నీళ్ళు

ఇన్నేళ్ళుగా నా చంకన ఒక బిందె ఉంది. దించలేదు. దించడానికి చోటు దొరకలేదని కొన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. దించితే లోపల ఏ నీళ్ళున్నాయో నలుగురూ చూస్తారని భయం. అంతే.

నువ్వెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే నీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పేంత మంచితనం నాకు లేదు. చదివి జాలిపడొద్దు. పాపం ఆడది, ఎన్ని కష్టాలు పడిందో అని నాలుక చప్పరించొద్దు. అలాంటి చప్పరింపులు చాలా విన్నాను, వాటితో ఒక్క చెంబు కూడా నిండదు. నా పేరు చెప్పను. ఆయన పేరూ చెప్పను. మొగుడి పేరు పలకకూడదన్న ఆచారం కోసం కాదు, పలకబుద్ధి కాదు.

నేను పుట్టింది కోవూరు వైపు, పెన్న కాలువ కింద ఊళ్ళో. దొడ్డి గుమ్మం దిగితే నీళ్ళు. నీళ్ళు మొయ్యడం ఒక పని అని పెళ్ళయ్యేదాకా నాకు తెలియదు. నన్నిచ్చింది విడవలూరుకు తూర్పున, సముద్రం హోరు వంటింట్లోకి వినబడే ఊరికి. సరుగుడు తోపులు, కాస్త మాగాణి, పెద్ద ఇల్లు, ఇంటికంటే పెద్ద పేరు. పెళ్ళిచూపుల్లో అన్నీ చెప్పారు గానీ బావిలో నీళ్ళు ఉప్పని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ నీళ్ళతో గిన్నెలు తోమొచ్చు, గొడ్లను కడగొచ్చు. పప్పు ఉడకదు. తాగితే గొంతు దిగదు. తాగే నీళ్ళు కావాలంటే సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల్లోకి పోవాలి. అక్కడ చేత్తో ఇసుక తోడి గుంట చేస్తే, అదే చెలమ, అడుగున తియ్యటి నీళ్ళు ఊరుతాయి. కొబ్బరి చిప్పతో కొద్దికొద్దిగా ముంచి బిందెలో పోసుకోవాలి. తొందరపడితే ఇసుక వస్తుంది. మళ్ళీ ఊరేదాకా గుంట పక్కన కూర్చోవాలి. ఇంటి పక్కన ఉప్పునీళ్ళు, సముద్రం పక్కన తియ్యనీళ్ళు. ఆ ఊళ్ళో నీళ్ళక్కూడా బుద్ధి లేదు. చెలమకు పోవడం కోడళ్ళ పని. ఆ ఇంటికి కోడలిని నేనొక్కదాన్నే.

యాభైలు ముగిసిపోతున్న రోజుల్లో ఆయన నెల్లూరు నుంచి ఒక మోటారు బండి తెచ్చాడు. తోలుకొచ్చాడని అనుకోకు. ఎద్దులు కట్టి లాగించుకొచ్చాడు. స్టేషన్ వ్యాగన్ అంటారట. ముందు భాగం ఇనుము, వెనక భాగం కిటికీలతో సహా చెక్క. ఎవరో దొర వాడుకుని వదిలేసి పోతే చేతులు మారి మారి ఒక షెడ్డు వెనక పడి ఉందట. చెక్కను చెదలు తిన్నాయి. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. ఊరు దాన్ని చూసి నవ్వి, చెక్కబండి అని పేరు పెట్టింది.

నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఆయనకు రాత్రీ పగలూ అదే పని. గొడ్ల కొట్టం ఖాళీ చేయించి బండిని అందులో పెట్టాడు. గొడ్లు ఎండలో నిలబడ్డాయి. చెక్క భాగమంతా ఊడదీసి, జువ్వలదిన్నె నుంచి పడవలు కట్టే వడ్రంగులను పిలిపించి, టేకుతో కొత్త చట్రం కట్టించాడు. హ్యాండిల్ పెట్టి తిప్పితే గాని కదలని ఇంజన్‌కు మీట నొక్కితే చాలేటట్టు సెల్ఫ్ స్టార్టర్ బిగించాడు. పెద్ద లైట్లు, రెక్సిన్ సీట్లు, ఊరవతలికి వినబడే హారన్. ఆ బండిలో ఏ మర ఎటు తిరుగుతుందో ఆయనకు తెలుసు. నాకు జ్వరం వచ్చిందో తగ్గిందో తెలియదు. ఇది నా తప్పుకు సాకు కాదు. ఆయన అలాంటివాడు, అందుకని చెబుతున్నాను.

ఇంజన్ పని చూసినవాడు మస్తాన్. నెల్లూరులో లారీలు బాగుచేసేవాడు. జేబులో దువ్వెన, తలకు సంపెంగ నూనె, నోటి నిండా గొప్పలు. ఈ జిల్లాలో ఇంజన్ గొంతు విని జబ్బు చెప్పగలిగేది తానొక్కడేనట. వసారాలో కూర్చుని నేను చేసిన చేపల పులుసు గిన్నె ఖాళీ చేసి, మా ఇంట్లో ఇంకా బాగా చేస్తారక్కా అన్నాడు. అతనంటే నాకు ఇష్టం లేదు. ఇప్పుడు కూడా లేదు. అన్యాయం చేసినంత మాత్రాన మనిషి మీద ఇష్టం పుట్టదు.

ఇంజన్ వేడెక్కకుండా నీళ్ళు నిలిపే పాత రేడియేటర్ పనికిరాదని తీసేసి, ఒక లారీది తెచ్చి, కోసి, అతికించి, బండికి సరిపోయేటట్టు కూర్చాడు మస్తాన్. బిగించిన రోజున అందరినీ పిలిచి చెప్పాడు. "అన్నా, ఈ ఊరి బాయి నీళ్లు దీనికి తగలనీబాకండి. తియ్యనీళ్లే పొయ్యాల. ఉప్పునీళ్లు పోస్తే లోపల్లోపలే తినేస్తాది. బయటికి తెలీదు."

మా అత్తగారు వెంటనే అన్నది. "దానికేముంది? కోడలుండాది గదా, తెస్తాది."

మస్తాన్ ఉప్పునీళ్ళ మాట చెప్పినప్పుడు అందరూ ఉన్నారు. నేనూ ఉన్నాను. గుర్తుపెట్టుకో. నాకు తెలుసు.

అప్పటినుంచి ఇంట్లో మనుషుల బిందెలు కాక బండి బిందె అని ఒకటి వేరే వచ్చింది. పొద్దున్నే చెలమ నుంచి మొదటి బిందె బండికి. ఆ తర్వాతే మనుషులకు. నీళ్ళు తుప్పు రంగుకు తిరిగాయని ఆయన మాటిమాటికీ పారబోసి మళ్ళీ పొయ్యమనేవాడు. నేను దిబ్బల మీద గుక్కెడు గుక్కెడుగా ముంచిన నీళ్ళు కొట్టంలో మట్టిలోకి ఇంకిపోతుంటే చూస్తూ నిలబడేదాన్ని.

రోహిణి కార్తెలో ఒకరోజు ఇంట్లోకని తెచ్చిన రెండు బిందెలూ వసారాలో దించి, మొహం కడుక్కుని వచ్చేసరికి రెండూ ఖాళీ. ఆయన స్నేహితులెవరో బండి చూడడానికి వచ్చారు. ఒక బిందె రేడియేటర్‌లో పోశాడు. రెండోది అద్దాలు మెరవాలని వాటి మీద గుమ్మరించాడు. అత్తగారు వచ్చి ఖాళీ బిందెలు చూసి కొడుకును ఒక్క మాట అనలేదు. మిట్టమధ్యాహ్నం నన్ను మళ్ళీ దిబ్బలకు పంపింది. ఇసుక మీద కాళ్ళు బొబ్బలెక్కాయి. చెలమ ఊరలేదు. దాని పక్కన కూర్చున్నాను. ఏడ్చానని రాస్తే నీకు బాగుంటుందేమో. ఏడవలేదు. పళ్ళు నూరాను.

మర్నాటి నుంచి బండి బిందెను దొడ్లో బావి దగ్గరే నింపాను. తెల్లారేముందు నింపి దారిలో సరుగుడు చెట్ల చాటున పెట్టేదాన్ని. చెలమకు పోయి ఇంటి నీళ్ళతో వస్తూ ఆ బిందె కూడా చంకనెత్తుకుని దిబ్బల దారి నుంచి వచ్చినట్టే వచ్చేదాన్ని. రేడియేటర్ మూత తీసి ఉప్పునీళ్ళు నా చేత్తోనే పోశాను. రోజూ. బండి గుటగుటా తాగేది. ఆ చప్పుడు వింటుంటే ఎంత హాయిగా ఉండేదో! ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి సుఖం అది.

ఏం జరుగుతుందనుకున్నాను? బండి చెడిపోతుందనుకున్నాను. ఆయన దాని ముందు తల పట్టుకుని కూర్చుంటే చూడాలనుకున్నాను. అంతకు మించి అనుకోలేదని చాలా ఏళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. బండి అన్నాక అందులో మనుషులు ఎక్కుతారని నాకు తెలియదా? ఎక్కేవాళ్ళు కూడా నాకు ఇష్టం లేనివాళ్ళే కదా, అందుకని తెలియనట్టు ఉన్నానా?

బండి మాత్రం తిరిగింది. వార్నిష్‌తో తళతళలాడుతూ, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కి, ఊరి పిల్లలు వెంట పరిగెత్తుతుండగా బయల్దేరింది. ఒక తిరునాళ్ళకు, రెండు పెళ్ళిళ్ళకు పోయింది. లోపల ఏం తింటోందో బయటికి తెలియలేదు. మస్తాన్ సరిగ్గానే చెప్పాడు.

అప్పుడు నా ఆడబిడ్డ కామాక్షి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆయనకు ఒక్కతే చెల్లెలు. ఆమె కూర్చుంటే దిండు, లేస్తే పాలు. నేను బిందె చంకన పెట్టుకుని మెట్లెక్కుతుంటే ఆమె ఉయ్యాల బల్ల మీద నుంచి, "వొదినా, బండికి నీళ్లు పెట్టినావా? దానిక్కూడా దప్పికవుతాది గదా" అని నవ్వేది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకతె. నాకు తోడికోడలు లేని లోటు కామాక్షి తీర్చింది. ఆమెలో చెడ్డతనం లేదు, గారాబం తప్ప. అది నాకు అప్పుడూ తెలుసు. అయినా అసహ్యించుకున్నాను.

రేడియేటర్ మూత కింద తెల్లగా పెచ్చు కట్టడం నేను చూశాను. వేలితో గీరితే రాలింది. వేడి చూపించే ముల్లు పైకి ఎక్కుతోందని ఆయన ఒకటి రెండుసార్లు అన్నాడు. ఎండ అని తానే సర్దిచెప్పుకున్నాడు. మస్తాన్‌ను పిలవలేదు. అప్పటికి తానే పెద్ద మెకానిక్ అయిపోయాడు మరి.

కామాక్షికి నొప్పులు వచ్చాయి. రాత్రంతా పడింది. తెల్లారాక మంత్రసాని బయటికి వచ్చి చేతులు కడుక్కుంటూ, బిడ్డ అడ్డం తిరిగింది, నెల్లూరు తీసుకుపోండి, నా వల్ల కాదు అన్నది. పక్కింటివాళ్ళు ఎద్దులబండి కట్టి సిద్ధంగా ఉన్నారు. విడవలూరుదాకా పోతే అక్కడ బస్సు దొరుకుతుందన్నారు. ఆయన వినలేదు. ఇంట్లో మోటారు పెట్టుకుని చెల్లెల్ని ఎద్దుల మీద పంపుతానా అన్నాడు.

అక్కడే నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. బండి నెల్లూరు చేరదు అంటే చాలు. ఎందుకు చేరదు అని అడుగుతారు. అడిగితే చెప్పాలి. నోరు తెరవలేదు. ఏం చేశానో తెలుసా? వంటింట్లోకి పోయి చెలమ నీళ్ళ బిందె ఒకటి ఎత్తుకుని వచ్చి, బండిలో వెనక కామాక్షి పక్కన కూర్చున్నాను.

దారి ఉప్పు పండించే మళ్ళ మధ్య నుంచి పోతుంది. చెట్టు లేదు, ఊరు లేదు. రెండు పక్కలా ఉప్పు కుప్పలు, ఉప్పు కాలువలు. సరిగ్గా అక్కడ ముందు నుంచి ఆవిరి లేచింది. ఇంజన్ మూలిగి ఆగిపోయింది. ఆయన దిగి, మూత తీయబోయి చెయ్యి కాల్చుకున్నాడు. తర్వాత నీళ్ళ కోసం చుట్టూ చూశాడు. చుట్టూ నీళ్ళే. అన్నీ ఉప్పే.

కామాక్షి నా చెయ్యి పట్టుకుని, "వొదినా, నీళ్లు" అన్నది. చెంబు ముంచబోతున్నాను. ఆయన తలుపు తెరిచి బిందె లాక్కున్నాడు.

పోశాడు. పై నుంచి పోస్తుంటే కింది నుంచి కారిపోతోంది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. అతుకులన్నీ ఉప్పు తినేసింది, ఇక అందులో చుక్క నిలవదని ఆ దారి మీద తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆపండి, ఆమెకు ఒక గుక్క ఉంచండి అని అనొచ్చు. అనలేదు. అంటే ఎందుకో చెప్పాలి కదా, మళ్ళీ అదే. బిందె ఖాళీ అయ్యేదాకా ఆయన పోస్తూనే ఉన్నాడు. వెనక కామాక్షి నీళ్ళు నీళ్ళు అంటూనే ఉంది. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగుతాడంటారు. నేను ఉప్పు పోశాను, నీళ్ళకు ఏడ్చింది ఆమె.

చాలాసేపటికి ఉప్పు బస్తాలు మోసే బండి ఒకటి వచ్చింది. బస్తాలు దింపి ఆమెను ఎక్కించాం. విడవలూరు పొలిమేర రాకముందే బిడ్డ పుట్టాడు. మగబిడ్డ. ఏడవలేదు. కామాక్షిని నెల్లూరు చేర్చి బతికించారు గానీ ఇక పిల్లలు పుట్టరని డాక్టరమ్మ చెప్పింది.

బండిని ఎద్దులతో కొట్టానికి లాగించుకొచ్చి, కొన్నాళ్ళకు మస్తాన్‌ను పిలిపించారు. కొట్టం ముందు ఊళ్ళో సగం మంది ఉన్నారు. కామాక్షి లోపల మంచం మీద ఉంది, కిటికీ తెరిచే ఉంది. మస్తాన్ రేడియేటర్ విప్పి, లోపలి తెల్ల పెచ్చు గోటితో గీరి, నాలుక మీద పెట్టుకున్నాడు. ఉమ్మేశాడు.

"అన్నా, ఇది నా అతుకు తప్పు కాదు. ఉప్పునీళ్లు పోసినారు. ఒకనాడు కాదు, శానా నాళ్లు పోసినారు."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏం నీళ్లు పోసినావు?"

"చెలమ నీళ్లే."

"అక్కా, నీకు దండం పెడతా. నిజం జెప్పు" అన్నాడు మస్తాన్. ఆ రోజు అతని గొంతులో గొప్పలు లేవు. "నా పని పోతే పిలకాయలు పస్తులుంటారు."

"చెలమ నీళ్లే పోసినాను. నమ్మకపోతే నా కాళ్లు చూడు, దిబ్బల మీద ఎట్ట కాలినాయో."

కాళ్ళు చూపించాను. రోహిణి కార్తెలో కాలిన మచ్చలు ఇంకా ఉన్నాయి. అవి నిజమైన మచ్చలు. నిజమైన మచ్చలు చూపించి అబద్ధం చెప్పాను. అందుకే అందరూ నమ్మారు.

మా ఇంటి ఆడది అబద్ధమాడుతుందంటావా అని ఆయన చెప్పు తీసి మస్తాన్‌ను కొట్టాడు. ఊరి ముందర. మస్తాన్ చెయ్యి ఎత్తలేదు. తగిలిన ప్రతిసారీ నా వైపే చూశాడు. నేను కాళ్ళ మీద చీర సర్దుకున్నాను. కాన్పు మనిషి ప్రాణం మీదికి తెచ్చాడన్న మాట నెల్లూరు దాకా పోయింది. లారీలవాళ్ళు అతని దగ్గరికి రావడం మానేశారు. కొన్నాళ్ళకు ఇల్లు వదిలి పిల్లలతో ఎటో పోయాడని విన్నాను. ఎటో నేను విచారించలేదు. విచారిస్తే తెలిసిపోతుందని.

పిల్లలు పుట్టరని కామాక్షి మొగుడు ఇంకొకతెను చేసుకున్నాడు. ఆమె ఒక ట్రంకు పెట్టెతో తిరిగొచ్చింది. నవ్వడం మానేసింది. అత్తగారు పోయారు. ఇప్పుడు చెలమకు మేమిద్దరమే పోతాం. ఎవరు ఇంటికి వచ్చినా కామాక్షి ఆ రోజు సంగతి చెబుతుంది, ఎప్పుడూ ఒకేలా చెబుతుంది. అంతమంది కంగారులో వొదిన ఒక్కతే నా కోసం నీళ్లు ఎత్తుకొచ్చింది, మా అన్న లాక్కున్నాడు గానీ, అంటుంది.

ఆ మాట విన్నప్పుడల్లా నన్ను నేను అడుక్కుంటాను. ఆ బిందె ఎందుకు తెచ్చాను? ఆమెకు దప్పికవుతుందనా? అలా అనుకోవాలని ఎంతో ప్రయత్నించాను. కాదు. ఆమెకైతే చెంబు చాలు. బండి దారిలో ఆగుతుందని నాకు తెలుసు కాబట్టి బిందె తెచ్చాను. ఇంటి గడప దాటకముందే తెలుసు. ఈ ఒక్క మాట దగ్గరికి రావడానికే ఇదంతా రాశాను. బావి నీళ్ళు పోసింది కోపం. అది నాదేనని ఒప్పుకోవడం అంత కష్టం కాదు. కానీ ఆ పొద్దున నాకు కోపం లేదు. నన్ను నేను దాచుకోవడానికి, తెలిసి తెలిసి, ఆ పిల్లను ఆ బండిలో ఎక్కనిచ్చాను.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నావని అడుగుతావేమో. అరవైలు కూడా అయిపోవస్తున్నాయి. ఇన్నాళ్ళూ చెక్కబండిలో కోళ్ళు పొదిగాయి. ఈ నెల ఆయన కోళ్ళను తరిమేసి, బండిని బయటికి లాగించాడు. డీజిల్ ఇంజన్ పెడతాడట. చెక్క మళ్ళీ కొత్తది వేస్తాడట. కొత్త మెకానిక్ వచ్చి, పాత ఇంజన్ విప్పి, లోపల చూసి, ఇందులో ఉప్పునీళ్లు ఎవరు పోసినారు సామీ అన్నాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. ఆయన నా వైపు ఒకసారి చూసి, ముందు నీ పని నువ్వు చూడు అన్నాడు. ఆ చూపు ఏమిటో నాకు తెలియదు. ఆయనకూ తెలుసేమో, మస్తాన్‌ను కొట్టేటప్పుడే తెలుసేమో. తెలిస్తే ఆయన పాపం ఆయనది. నాది అందులో కలిపి తగ్గించుకోను.

నిన్న కొత్త ఇంజన్, కొత్త రేడియేటర్ బిగించారు. ఈ పొద్దున చెలమ దగ్గర కామాక్షి ఎప్పటిలాగే ముందు నా బిందె నింపింది. నీళ్ళు ముంచుతూ తల ఎత్తకుండా, "ఈసారి బండికి నీళ్లు నేను మోస్తాను వొదినా. నువ్వు మోసింది చాలు" అన్నది.

చెబుదామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. నోట్లోకి వచ్చింది. బిందె చంకనెత్తుకుని నడిచాను.

ఆమెకు చెప్పలేదు. చెబుతానన్న నమ్మకం కూడా లేదు. మస్తాన్ ఎక్కడున్నాడో తెలియదు. నీకు చెప్పాను. బావి నీళ్ళు పోశాను. చెలమ నీళ్ళేనన్నాను. రాసి చూసుకుంటే గుండె కాస్త తేలికైంది. అలా తేలిక కావడం నాకు నచ్చలేదు, అయినా అయింది. కొట్టంలో కామాక్షి బండి దగ్గర నిలబడి, మూత ఎటు తిప్పాలి వొదినా అని అడుగుతోంది. పోయి చూపించాలి.